నాగాయలంక దారిలో చెంబెడు నీళ్లు

బందరు మెకానిక్ ధనుంజయరావు పంతొమ్మిది వందల డెబ్భై ఏడు ఉప్పెనలో కొట్టుకుపోయిన ముసలావిడ చేత కారు బాగుచేయించాడు. సరే, బాగుచేసింది అతనే; ఆమె నీళ్లు మాత్రం అందించింది.

ఆ మధ్యాహ్నం పురిటి నొప్పులు పడుతున్న గీతాంజలి అనే అమ్మాయిని నాగాయలంక నుంచి ఆసుపత్రికి తీసుకొస్తుంటే అతని పాత కారు దారిలో ఆగిపోయింది. స్టార్టర్ తిరుగుతున్నా ఇంజన్ వేగం చూపే ఆర్పీఎం ముల్లు కదలలేదు.

“ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్ వేడెక్కిందమ్మా, చల్లబడితే బండి కదులుద్ది. నీళ్లున్నాయా?”

ఆమె దగ్గర చుక్క లేదు. చుట్టూ ఇల్లన్నదే లేదు. బానెట్‌లో తలదూర్చిన అతనికి వెనకనుంచి ఒక చల్లటి చెయ్యి చెంబు అందించింది.

“ఊళ్లో నీళ్లు తీశాయా, బాబూ?” అంది ముసలి గొంతు.

“ఎప్పుడో తీశాయమ్మా,” అంటూ సెన్సర్ మీద తడిగుడ్డ వేశాడు. ఇంజన్ అందుకుంది. తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ.

గీతాంజలికి ఆసుపత్రిలోనే కొడుకు పుట్టాడు; ఈ కథంతా ఆమె చెప్పిందే. ధనుంజయరావును అడిగితే మాత్రం, “ఆ గీతాంజలిని నేనెక్కించుకోలేదండీ. ఆ రోజు నేనూ నా కారూ బందరు దాటితే ఒట్టు!” అంటాడు.