తివాచీ అంచున ఉప్పు మరక

పొద్దున తివాచీలు ఉతికే మనిషి మా ఎర్ర తివాచీని తెచ్చి హాల్లో పరిచాడు. అంతా పోయింది గానీ ఈ అంచు మాత్రం రాలేదు దీదీ, అని హిందీలో నొచ్చుకుంటూ జానెడు మేర తెల్లటి మరక చూపించాడు. రాదని నాకు ముందే తెలుసు. అది ఎక్కడంటిందో చెబితే నమ్మడు గనక నవ్వి ఊరుకున్నాను. అసలు ఇన్నేళ్ల తర్వాత ఆ తివాచీని అంత అర్జెంటుగా ఎందుకు ఉతికించారో నాకూ సాయంత్రం దాకా తెలియలేదు.

కడప నుంచి ఈ అరబ్బు దేశానికి వచ్చి మిష్రిఫ్‌లోని ఈ ఇంట్లో వంటకు కుదిరిన కొత్తల్లో నాకు అన్నీ వింతగానే ఉండేవి. అన్నిటికంటే వింత మామా. ఇక్కడ ఇంటి యజమానురాలిని మేమంతా అలాగే పిలుస్తాం. భర్త పోయాక ఆమె ఒక చలికాలం ఇంత పాలరాతి ఇంటికి తాళం వేసి, కారవాన్‌లో కాపురం పెట్టింది. తోడు ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్లు. ఒకామె బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ప్రతి చేపనూ నాకు చూపించి మీ భాషలో దీని పేరేంటని అడిగేది. కొరమీను తప్ప ఇంకోటి ఎరగని దాన్ని నేనేం చెబుతాను? రెండో ఆమె దేనికైనా నవ్వేది, నా జవాబులకు మరీను. జీపుతో ఆ బండిని లాగడానికి కోనసీమ డ్రైవరు, వండడానికి నేను. నా గంగమ్మ పటం గరిటెల అరలో సర్దుకుంది. షర్క్ బజారులో చేపలు కొనుక్కుని, మంగఫ్ ఒడ్డున నాలుగు రోజులు, ఖైరాన్‌లో పది రోజులు, ఎక్కడ మనసైతే అక్కడ. ఖైరాన్‌లో సముద్రాన్ని ఇసకలోకి మళ్లించి చెరువుల్లా చేశారు. చెరువు నిండడం ఏ ఏడాదికో చూసే ఊరి దాన్ని, పొద్దున లేవగానే తలుపు తీస్తే ఎదురుగా నిండు నీళ్లు. కాసేపు నోరు తెరుచుకుని చూసి గానీ పొయ్యి వెలిగించేదాన్ని కాదు.

ఎక్కడ ఆగినా ముందు తివాచీలు పరవాలి, తర్వాతే మిగతావన్నీ. మామా పెళ్లినాటి ఎర్రది మధ్యలో. దాని మీద గహ్వా, అంటే ఏలకులు వేసిన కాఫీ. మొదటి రోజు మామా నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని చిన్న కప్పులో పోసింది. తాగి చాపాను, మళ్లీ పోసింది. పెద్దావిడ పోస్తుంటే వద్దనడం మర్యాద కాదని తాగుతూనే ఉన్నాను. ఎన్ని కప్పులో లెక్క తప్పాక డ్రైవరు దూరం నుంచి, "కప్పు ఊపండక్కా! ఊపితే చాలని అర్థమండి. ఊపకపోతే తెల్లారేదాకా పోత్తానే ఉంటారండి," అని అరిచాడు. నవ్వులావిడ కళ్లు తుడుచుకుంది.

ఇంత ఇల్లు పెట్టుకుని ఈ డబ్బాలో ఏముందమ్మా అని ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. మామా కప్పు కింద పెట్టి, "ఇంట్లో అందరూ నన్ను మందులేసుకున్నావా అనే అడుగుతారు. ఇక్కడ ఈరోజు ఎటు పోదాం అని అడుగుతారు," అంది. అప్పటి నుంచి నేనూ పొద్దున్నే అదే అడగడం మొదలుపెట్టాను.

కూతురికి మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు. ప్రతి శుక్రవారం వచ్చి చూసేది. ఏ చిన్న ప్రమాదం జరిగినా ఖలాస్, కారవాన్ అమ్మేసి నిన్ను ఇంటికి తీసుకుపోతాను అని తల్లికి గట్టిగా చెప్పింది. చెప్పిందంటే చేసే మనిషే.

ఒక గురువారం మధ్యాహ్నం ఖైరాన్ దాటాక నీళ్ల పక్కనే తెల్లగా మెరిసే నేల కనిపించింది. డ్రైవరు అటు తిప్పబోతుంటే, "తమ్ముడా, ఈ నేల బండిని మోస్తాదా?" అన్నాను.

"ఆయ్, మీకెందుకండక్కా! ఇది ఉప్పు పర్రనేలండి. ఎండిందంటే రాయేనండి. మా ఊళ్లో దీని మీద లారీలే తోలేత్తారు."

మా ఊరి చౌడు నేలా అట్లాగే గట్టిగా ఉంటుంది గనక నేనూ సరేనన్నాను. ఇద్దరికీ సొంత ఊళ్లే కనిపించాయి. ఇక్కడి ఉప్పునేల పైన అప్పడంలా ఎండి, కింద జావలా ఉంటుందట. కారవాన్ ఒక పక్కకు ఒరిగింది. గిన్నెలు దొర్లాయి, గంగమ్మ పటం కందిపప్పు డబ్బాలో పడింది. డ్రైవరు బండిని ఉరికించేకొద్దీ చక్రాలు ఇంకా లోపలికి పోయాయి. దగ్గర్లో ఉన్న బీచి ఇళ్లు కూతురి అత్తింటి బంధువులవి. సాయం అడిగితే కబురు ఆమెకు వెంటనే చేరుతుంది. అడక్కపోతే రేపు ఆమే వచ్చి చూస్తుంది. ఎలా చూసినా మామా కారవాన్ పోయినట్టే.

మా దగ్గర బండి దిగబడితే చక్రాల కింద కందికట్టె వేస్తారని వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆ ఇసకలో కట్టె ఎక్కడిది? మామా చుట్టూ చూసింది, చుట్టి పెట్టిన తివాచీల వైపు చాలాసేపు చూసింది. "యల్లా, కానివ్వండి," అంది, "ముందు ఎర్రది."

నవ్వులావిడ నవ్వకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత ముగ్గురు స్నేహితురాళ్లూ నల్లటి అబాయా అంగీలు పైకి దోపుకుని, బురదలో మోకాళ్లూని, చక్రాల కింద తివాచీలు తోశారు. వెనక నుంచి అందరం నెట్టాం. బండి మూలిగి మూలిగి చివరికి గట్టునెక్కింది. ట్యాంకులో ఉన్న మంచినీళ్లన్నీ తివాచీలు కడగడానికే అయిపోయాయి.

మర్నాడు కూతురు వచ్చింది. ఆరేసిన తివాచీలు చూసింది, బురద జీపు చూసింది, తల్లి గోళ్లలోని మట్టి చూసింది. ఆమె తనే గహ్వా కాచి, తల్లి ఎదురుగా కూర్చుని పోసింది. "ఇంక చాలు కదమ్మా?" అంది మెల్లగా. మామా తాగి కప్పు చాపింది. ఊపలేదు. ఆమె మళ్లీ పోసింది. మామా తాగి మళ్లీ చాపింది, చెయ్యి కదలనే లేదు. కూతురు ఆ మట్టి గోళ్ల వంక చూసి ఫక్కున నవ్వి ఇంకో కప్పు పోసింది. తివాచీలు ఆరాక లోపల పెట్టించండి, మంచు పడుతుంది అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. మామా మోకాళ్లు మొరాయించేదాకా ఆ తర్వాత ప్రతి చలికాలమూ మాదే.

ఇవాళ సాయంత్రం పెరట్లో కారవాన్ మీది పట్టా తీసి ఉంది. జుట్టు నెరిసిన ఆ కూతురు, ఈమధ్యే ఉద్యోగం మానేసింది, తన ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి దాన్ని తుడుస్తోంది. ఎర్ర తివాచీ ఉతికించింది అందుకట. చక్రాల కుర్చీలో మామా వేలు చూపించి, "ఏ చిన్న ప్రమాదం జరిగినా ఖలాస్, అమ్మేస్తాను," అని బెదిరిస్తోంది. కూతురు గహ్వా పోస్తూ నువ్వూ వస్తావా అని నన్నడిగింది. ఊరి నుంచి మా పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంక చాల్లేమ్మా, వచ్చేయ్," అంటున్నారు. వాళ్ల మాటా నిజమే. తాగి, ఖాళీ కప్పు ఊపకుండా చాపాను. ఆ చలికాలాలు అయిపోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాలం ఇంకా పోస్తూనే ఉంది, మామా నా వైపే చూస్తోంది.