నూనె తగలకూడని చక్రం

ఆస్తి పోయిన ఇంట్లో పుట్టినవాడికి పిత్రార్జితంగా దక్కేది కోపం ఒక్కటే. తొంభైల చివరి ఆ రోజుల్లో నాకది దండిగా ఉండేది. టెక్కలిలో ఒక సర్కారు ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేస్తూ, ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. (కండక్టరు “జరగండి మాస్టారూ” అన్నప్పుడల్లా, మా తాతగారికి సొంత గూడుబండి ఉండేదని చెప్పబోయి, చెప్పకుండానే జరిగేవాణ్ణి.) కొబ్బరితోటలు, జీడితోటలు మా నాన్న కాలంలోనే చేతులు మారాయి. నాకు మిగిలినవి పెచ్చులూడే మేడ, దాని ముందు పెద్ద వాకిలి, మా మేనత్త, తాతగారు కలకత్తా నుంచి రైల్లో పలాసకు తెప్పించుకున్న రికార్డు ప్లేయరు.

ప్రతి దసరా సాయంత్రం తాతగారు ఆ ప్లేయరు మీద హరికథ ప్లేట్లు వేస్తే ఊరంతా మా వాకిట్లో కూర్చుని వినేదట. ఆయన పోయాక అది మూలపడింది, వాకిలీ ఖాళీ అయింది. ఆ తర్వాత మా ఇంటికి పని మీద వచ్చేవాళ్లు తప్ప, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు లేరు. ఒక్క సాయంత్రమైనా ఆ వాకిలి మళ్లీ నిండాలి. ఆ ఏడు నా పట్టుదల అదే.

ముందు టెక్కలిలో ఒక రేడియో షాపుకి మోసుకెళ్లాను. షాపతను మూత తీసి, నా మొహం వంకా దాని వంకా చూశాడు. “ఇంకా ఇదెవులు వింటన్నారు సార్? సీడీ ప్లేయరు పట్టుకెల్లండి. దీన్ని పాతసామాన్లోడికి ఇచ్చీండి” అన్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా మనసులోనే అతనికి జవాబులు చెప్పాను. ఒక్కొక్కటీ గొప్ప జవాబు.

చివరికి దాన్ని బాగుచేసింది పక్కూరు అక్కుపల్లిలో పడవల ఇంజన్లు బాగుచేసే ఆయన. చుట్టుపక్కల అందరూ ఆయన్ని ఇంజిను బావ అనేవారు. నేను మాత్రం అనేవాణ్ణి కాను. (వాళ్ల తాత మా తాతగారి బండి తోలాడు. నేనెలా అంటాను?) ఆయన వచ్చి, రికార్డు పెట్టే ఇనప పళ్లెం ఎత్తి, తారులా గడ్డకట్టిన పాత గ్రీజు గీకి, లోపలున్న చిన్న చక్రాన్ని బయటికి తీశాడు. మోటారు కడ్డీకీ పళ్లెం అంచుకీ మధ్య ఇరుక్కుని, ఈ తిరుగుడును ఆ పళ్లేనికి అందించేది అదే. దాని అంచున ఉన్న రబ్బరు వక్కలా బిగుసుకుపోయింది. ఒక పూటంతా కూర్చుని దాన్ని గరుకు కాగితంతో రుద్ది, మెత్తటి పొర తేల్చాడు. గిన్నెలో నీళ్లు పోసి పళ్లెం మీద పెట్టి, నీళ్లు ఏ పక్కకీ ఒరగనంతవరకూ కాళ్ల కింద అట్టముక్కలు సర్దాడు. ప్లేటు వేస్తే హరిదాసు గొంతు ఖంగున మోగింది. లేచి చేతులు తుడుచుకుంటూ, “బాబూ, దీని బలవంతా ఈ సిన్న సక్రంలోనే ఉన్నాది. రబ్బరు పట్టుకుంటేనే పల్లెం తిరుగుద్ది. దీనికి మాత్రం నూని సుక్క తగలనీకండి. తగిలిందా, జారిపోద్ది” అన్నాడు. మా పెట్టె గురించి మాకే చెబుతున్నాడని నాకు ఒళ్లు మండింది.

దసరా వచ్చింది. మా ఇంట ఆయుధపూజ తప్పని ఆనవాయితీ. తాతగారు బండి చక్రాలకు నువ్వులనూనె పట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టేవారు. ఇప్పుడు బండి లేదు, గోడ మీది కత్తీ లేదు. మాకు మిగిలిన ఆయుధం ఆ పెట్టె ఒక్కటే. పళ్లేనికి బొట్టు పెట్టి, దాన్ని ఎత్తి నేను లోపలి చక్రం దగ్గరికి వచ్చేసరికి అత్త, “ఒరే, దానికి నూనె వద్దన్నాడు కదరా ఆ ఇంజినబ్బాయి” అంది.

“మన ఇంట్లో పూజ ఎలా చెయ్యాలో ఆయన చెప్పాలా అత్తా?” అని, నా చేత్తోనే రబ్బరు చుట్టూ నూనె పట్టించి, పసుపు రాసి, బొట్టు పెట్టాను.

సాయంత్రానికి వాకిలి నిండింది. రైతులు, అక్కుపల్లి నుంచి వచ్చిన, సముద్రం మీద వేటకెళ్లే పల్లెవాళ్లు, పిల్లలతో ఆడవాళ్లు అందరూ చాపల మీద కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని ప్లేటు మీద ముల్లు పెట్టాను. హరిదాసు “శ్రీ” అని అందుకుని, ఆ “శ్రీ”ని సాగదీసి సాగదీసి, బురదలో దిగబడ్డ గేదెలా మూలిగి ఆగిపోయాడు.

“హరిదాసు గారికి నిద్దరొత్తన్నాదేటి బావా?” అన్నాడొక ముసలాయన, పక్కనున్న ఇంజిను బావతో. వాకిలంతా గొల్లుమంది.

“వోల్టేజి తక్కువ” అన్నాను. నా నెత్తి మీద బల్బు ధగధగలాడుతోంది.

ఇంజిను బావ వచ్చి పళ్లెం ఎత్తి చూశాడు. చక్రం పచ్చగా, బొట్టుతో పెళ్లికూతురిలా ఉంది. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకంత కోపం వచ్చేది కాదు.

“పూజ సేసినారేటి బాబూ?”

“చేశాను.”

“మంచిదే. ఇప్పుడు సారా గావాల. నీల్లకి ఈ జిడ్డు పోదు. కిరసనాయిలు మల్లీ జిడ్డే.”

సారాను ప్రభుత్వం నిషేధించి అప్పటికి కొన్నేళ్లు. నేను ఎంత టెంపరరీ అయినా సర్కారు మనిషిని. పైగా మా గడప సారా వాసన ఎరగదని ముందు నెలే రచ్చబండ దగ్గర అరగంట ఉపన్యసించాను. వాకిట్లో మగవాళ్లంతా ఒక్కసారిగా రుషులైపోయారు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు తువ్వాళ్లు దులుపుకుని లేవబోయారు. ఇప్పుడు లేస్తే వీళ్లు ఇంక ఈ వాకిట్లోకి రారని నాకు తెలిసిపోయింది.

“ఎవరి దగ్గరైనా... ఉంటే... ఇవ్వండి. నేను ఎవరికీ చెప్పను” అన్నాను. ఆ వాకిట్లో మా ఇంటివాళ్లు ఇవ్వడమే గాని అడగడం అదే మొదలు.

ఇందాకటి ముసలాయన అమాయకంగా కళ్లార్పి, “సారా అంటే ఏటి బాబూ?” అన్నాడు.

అప్పుడు మా అత్త చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లి, పైట చెంగుతో దుమ్ము తుడుస్తూ ఒక సీసా తెచ్చింది. బిరడా తీయగానే జీడిపండ్ల సారా వాసన వాకిలంతా కమ్ముకుంది.

“మీ తాతగారిదిరా. కీళ్లనొప్పులకి” అంది.

“రాసుకునేవారా అత్తా?”

“కొంత రాసుకునేవారు.”

మిగతా కొంత సంగతి నేను అడగలేదు. సారా అంటే ఏమిటో తెలియని ముసలాయన మాత్రం కళ్లు మూసుకుని గాలి పీల్చి, “పాత సరుకు బావా” అని తేల్చేశాడు.

ఇంజిను బావ గుడ్డ తడిపి చక్రాన్ని తుడిచి, ఆరనిచ్చి, బిగించాడు. పళ్లెం తిరిగింది. హరిదాసు ఈసారి “శ్రీ” దాటి కథలోకి వెళ్లాడు. లేవబోయినవాళ్లు కూర్చున్నారు. ఇంజిను బావ చాప మీద కూర్చుని, ఒక పక్కకి జరిగి, “రండి బాబూ, ఇలగొచ్చి కూకోండి. సోటున్నాది” అన్నాడు.

“నాకు నిలబడటం అలవాటే” అన్నాను.

నిలబడ్డాను. చేతులు కట్టుకుని, ప్లేట్లన్నీ అయ్యేదాకా, షాపతని మీదా ఇంజిను బావ మీదా చివరికి తాతగారి మీదా వరసగా కోప్పడుతూ నిలబడ్డాను. జనం నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు, వెళ్తూ వెళ్తూ “మల్లీ ఎప్పుడు బాబూ?” అని అడిగారు. ఆ రోజు విన్నది ఏ కథో మర్నాడు అత్త చెబితే గాని నాకు తెలియలేదు.

నిలువుగుంజలా నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత కిక్కిరిసిన వాకిట్లోనూ, ఇంజిను బావ జరిగి ఇచ్చిన ఆ జానెడు చాప మీద, హరికథ ముగిసేదాకా ఎవరూ కూర్చోలేదు.