పీనుగుల పిక్చరు చూసొచ్చాక స్నానం

మా అమ్మ లెక్కలో తెర మీది పీనుగైనా పీనుగే. ఆ పిక్చరు చూసొచ్చినవాళ్లకు మైల అంటినట్టే, తలకు నీళ్లు పోసుకోందే ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఎమ్మిగనూరులో మా ఇంటి పక్క నుంచి పెరట్లోకి ఒక సందు ఉండేది. టెంటు సినిమా చూసి నాయనా నేనూ తిరిగొచ్చేసరికి ఆ సందు మొదట్లో అమ్మ నీళ్ల బిందెతో నిలబడి ఉండేది. మాటా లేదు, మంతీ లేదు, నెత్తిన కుమ్మరించడమే. చలికాలంలో నా పళ్లు టకటకా కొట్టుకునేవి. నాయన మాత్రం తడిసిన పంచెతో అట్లాగే నిలబడి వాదన మొదలుపెట్టేవాడు.

నాయన హైస్కూల్లో లెక్కల పంతులు. ఏదైనా సరే రుజువు చేయకుండా వదలడు.

"అది లేచిందే! లేచిందంటే చావలేదని అర్థం. చావనిదానికి మైల యాడ నుంచి వస్తుంది?"

"లేచేదాకా చచ్చినట్టే గదా? ఆ కాసేపటికి పోసుకోండి నీళ్లు."

"లేచినోళ్లకు మైల లేదు. ఉందని ఏ శాస్త్రంలో రాసినారో చూపించు."

"శాస్త్రం నాకు తెలీదు. బిందె తెలుసు," అని అమ్మ ఇంకో బిందె ముంచేది.

ఇప్పటి పిల్లలు వీటిని జాంబీ సినిమాలంటారు. మాకా మాట తెలీదు. పీనుగుల పిక్చరు అనేవాళ్లం, అంతే. డెబ్బైల్లో మా ఊరి టెంటుకు అవి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. ఏ భాషలో తీశారో ఏమో, పెదవులు ఆగిపోయాక కూడా మాట వినిపిస్తూనే ఉండేది. పిక్చరు వచ్చిన రోజు బండి తిరిగేది. ఎద్దులబండికి రెండు పక్కలా వాల్‌పోస్టర్లు, పైన మైకు, మధ్యలో తెల్లగుడ్డ కప్పుకొని ఒక మనిషి. బండి వీధి మలుపులో ఆగగానే ఆ మనిషి మొహం నిండా పిండి పూసుకొని లేచి కూర్చునేవాడు. పిల్లలం కెవ్వుమని పరుగెత్తి, అతను మళ్లీ పడుకోగానే వెనక్కి వచ్చి, తర్వాతి మలుపు దాకా బండి వెంటే పోయేవాళ్లం. మైకులో ఒకటే మాట. గుండెజబ్బు ఉన్నవాళ్లు రావద్దు, గర్భవతులు రావద్దు, పిరికివాళ్లు అసలే రావద్దు. అది విన్నాక గర్భవతులతో సహా మా వీధి వీధంతా బయల్దేరేది.

టెంటు గేటు దగ్గర ఒక నులకమంచం వేసి, పక్కన తెల్లచీర కట్టిన ఒకావిడను కూర్చోబెట్టేవాళ్లు. మూర్ఛపోయేవాళ్లకు సేవ చేయడానికట! ఆవిడ శెనక్కాయలమ్మే ఆయన పెళ్లాం అని ఊరందరికీ తెలుసు. ఇక ఆ మంచం మీద నేను చూసినంతలో పడుకున్నది టికెట్లు చించే అతనొక్కడే, అదీ నిద్రకు.

మాది గుళ్లో పూజలు చేసుకుంటూ వచ్చిన వంశం. మా తాత మాధవరంలో నది ఒడ్డున మడి కట్టుకొని బతికిన మనిషి. అటువంటి ఇంట్లో పుట్టి, పంచె కట్టి బొట్టు పెట్టుకొని పీనుగుల పిక్చరుకు పోతావేం నాయనా అని ఒకసారి అడిగాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

"మంచి పిక్చర్లలో ఏముందమ్మా? హీరో అమ్మకు దగ్గు వస్తుంది. అరగంట దగ్గుతుంది. పాట పాడి చచ్చిపోతుంది. మళ్లీ లేవదు. మనం ఏడ్చుకుంటా ఇంటికి రావల్ల. దీంట్లో ఎవురు సచ్చినా దిగుల్లేదు, ఇంటర్వెల్ అయినాక లేస్తారు. ఇంతకన్నా ధైర్యం చెప్పే పిక్చరు ఉందా?"

నాకు నవ్వొచ్చింది కానీ, నేల టికెట్టులో కూర్చున్నవాళ్లను చూస్తే ఆయన చెప్పింది నిజమే అనిపించేది. అప్పట్లో మా పక్క వానలు సరిగా లేవు. కోసిగి వైపు వాళ్లు మూటలు కట్టుకొని సుగ్గికని, అంటే కోతల కాలం కూలికి, దూరం ఊళ్లకు పోయి, నెలల తర్వాత తిరిగొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు ముందుగా కూర్చునేది ఈ టెంటులోనే. మంత్రగాడు నిమ్మకాయ కోస్తాడు, మట్టి పగులుతుంది, మట్టిలోంచి ఒక చెయ్యి పైకొస్తుంది. ఆ చేతికి గడియారం ఉంటుంది! ఇక చూడండి ఈలలు. "టైమెంత అప్పా?" అని నేల నుంచి ఎవరో అరిచేవాళ్లు. ఒకసారి ఆలూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన మా పక్కన కూర్చొని పొట్ట పట్టుకొని నవ్వాడు. "సేన్లో ఏసిన ఇత్తనం రెండేండ్లాయ లేవక. ఈడ పీనుగన్నా లేస్తాండాది గదా సామీ," అన్నాడు నాయనతో. ఆ మాట నాయన చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.

ఆ పిక్చర్లలో దాపరికం ఉండదు. పిండి పిండిలాగే, ఎర్రరంగు రంగులాగే కనిపిస్తుంది. పీనుగు దోమ కుడితే గోక్కుంటుంది. భయపెట్టాలని వాళ్లు పడే తిప్పలన్నీ మన కళ్లముందే ఉంటాయి. అంత తిప్పలు పడుతుంటే కాస్త భయపడకపోతే ఏం మర్యాద? అందుకే భయపడేవాళ్లం, నవ్వేవాళ్లం, పక్కవాళ్ల భుజం గిచ్చేవాళ్లం. పెద్ద పెద్ద సినిమాలు చూసి ఇవన్నీ చెత్త అనేవాళ్లతో నేను ఇప్పటికీ తగువుకు దిగుతాను.

నాకు పెళ్లయి ఆదోనికి వచ్చాను. మా ఆయనా పంతులే, పీనుగుల పిక్చరంటే మాత్రం మొహం తిప్పుకునే రకం. ఇక నా సరదా అంతా పుట్టింటికి పోయినప్పుడే. అట్లా కొన్నేళ్లు గడిచాక, ఎనభైల మొదట్లో, ఒక పొద్దున నాయన బోర్డు మీద లెక్క రాస్తూ పడిపోయాడు. ఎడమ పక్క చచ్చుబడింది. మూతి వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది. ఆదోని ఆసుపత్రిలో ఉంచి, కుదుటపడ్డాక ఎమ్మిగనూరుకు తీసుకుపోయాం. డాక్టరు ఒకటే చెప్పాడు. రాసే చెయ్యి బాగుంది, మాట తిరుగుతుంది. నడిస్తే కాలు వస్తుంది, పడుకుంటే ఉన్నది కూడా పోతుంది.

మొదట్లో నాయన నడిచాడు. కర్ర పట్టుకొని, ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఎడమచెయ్యి రొమ్ముకు ఆనించుకొని వీధి అరుగు దాకా వచ్చాడు. అప్పుడు వీధిలో గోలీలాడుతున్న పిల్లలు తలెత్తి చూశారు. రోజూ ఆయన సంచీ లాక్కొని బడి దాకా మోసే పిల్లలే. ఆట ఆపి ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. ఒక చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. నాయన గిరుక్కున తిరగబోయి, తిరగలేక, గోడ పట్టుకొని లోపలికి వచ్చాడు. మళ్లీ మంచం దిగలేదు.

"పిల్లోళ్లు నన్ను జూసి జడుసుకున్నారు. ఇంక నేనేం పాఠం చెప్తాను?" అన్నాడు. సెలవు అయిపోవస్తోంది. రాజీనామా కాగితం రాస్తాను, బడిలో ఇచ్చి రమ్మని మా ఆయన్ను అడిగాడు. మా ఆయన ఇవ్వనన్నాడు, నేనైతే కాగితాలన్నీ అటక మీదికి ఎక్కించాను. అమ్మ బతిమాలింది. నేను బతిమాలడం చేతగానిదాన్ని, కేకలేశాను. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. బోర్డు ముందు నిలబడకపోతే నాయన నాయన కాడు, మంచంలోనే పోతాడు.

ఒక ఆదివారం పొద్దున వీధిలో మైకు వినిపించింది. టెంటు పోయి అప్పటికి పక్కా హాలు వచ్చింది కానీ, బండి అదే, మాటా అదే. గుండెజబ్బు ఉన్నవాళ్లు రావద్దు, గర్భవతులు రావద్దు. "శ్మశానం మొత్తం లేచి వస్తుంది!" అని అరుస్తున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్న నాయన ఇటు తిరిగాడు.

"ఎంతమంది లేస్తారంట?" అన్నాడు.

అన్నాళ్లకు ఆయన నోట వచ్చిన మొదటి ప్రశ్న అది. వదులుతానా నేను! మ్యాట్నీకి పోదాం పద అన్నాను. జనం చూస్తారన్నాడు. హాల్లో చీకటి గదా, ఎవరు చూస్తారన్నాను. అమ్మ తల కొట్టుకుంది. "మనిషి ఇట్లుంటే పీనుగుల పిక్చరా? నీకు బుద్ధుందేమే?" అంది. అన్నదే గానీ, ఆయనకు ఉతికిన పంచె తెచ్చిచ్చింది.

జట్కాలో పోయి, దీపాలార్పాక లోపలికి దూరి, చివరి వరసలో కూర్చున్నాం. ఒక జమీందారు చచ్చిపోయాడు. మంత్రగాడు వచ్చాడు. నిమ్మకాయ కోశాడు, మట్టి పగిలింది. నేల నుంచి ఈలలు మొదలయ్యాయి. జమీందారు లేచాడు. లేచి నడిచాడు.

అప్పుడు తట్టింది నాకు. మూతి వంకర. ఎడమచెయ్యి వేలాడుతోంది. ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఒరిగి ఒరిగి, తెర నిండా నడిచి వస్తున్నాడు. ఈ పీనుగులన్నీ ఇట్లాగే నడుస్తాయని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు గదా! ఆ మాట నా మట్టిబుర్రకు ఒక్కసారన్నా తోచలేదే! హాలంతా ఆ నడక చూసి కేకలు పెడుతోంది. నాయన వైపు చూసే ధైర్యం లేక, తెర వైపు చూడలేక, "నాయనా, లే, పోదాం," అన్నాను చెయ్యి పట్టుకొని.

"ఉండు," అన్నాడు.

కాసేపటికి పక్క నుంచి ఒక చప్పుడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతున్నాడు. సగం మూతితో, భుజాలదిరేలా నవ్వుతున్నాడు.

"తప్పు నడుస్తాండాడమ్మా. పడిపోయిన కాలు అట్ల ముందరికి ఈడిస్తే బోర్లా పడతాం. పక్క నుంచి సుట్టు తిప్పి ఏయల్ల. వానికి ఎవురూ చెప్పలేదు."

బోర్డు దగ్గర తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ని దిద్దే గొంతు అది. నా ప్రాణం లేచొచ్చింది. "ఎట్లా, చూపించు," అన్నాను. ఇంటర్వెల్ దీపాలు వెలిగాయి. నాయన ముందు కుర్చీ వీపు పట్టుకొని లేచాడు, కర్ర నా చేతికిచ్చాడు, వరసల మధ్య దారిలోకి వచ్చాడు. కాలు పక్కగా తిప్పి వేశాడు. ఇంకోసారి తిప్పి వేశాడు. నేను వెనకాలే, పట్టుకోవడానికి చేతులు చాచుకొని.

సోడాలకని లేచిన పిల్లలు కొందరు ఎదురుగా వచ్చి ఆగిపోయారు. ఆయన బడి పిల్లలే. "రేయ్, సారు రా," అన్నాడొకడు మెల్లగా. ఎవరూ కదల్లేదు. వీధి అరుగు మీది ఆ పొద్దున నా కళ్లముందు తిరిగింది. ఈ మనిషి ఇప్పుడు వెనక్కి తిరిగితే ఇక జన్మలో లేవడు అనుకున్నాను.

నాయన వెనక్కి తిరగలేదు. మంచి చెయ్యి పైకెత్తాడు. వేళ్లు కొంకర్లు పోయినట్టు పెట్టి, కళ్లు పెద్దవి చేసి, గొంతులోంచి "ఆఁ..." అని తెర మీద జమీందారుకన్నా ఘోరంగా మూలుగుతూ, కాలు తిప్పి తిప్పి వేస్తూ వాళ్ల మీదికి నడిచాడు.

పిల్లలు కెవ్వుమన్నారు. కుర్చీల మీద నుంచి దూకి పారిపోయారు. పారిపోయి, తిరిగి చూసి, పడీ పడీ నవ్వుతూ మళ్లీ వచ్చారు. "సార్, ఇంగొకసారి సార్!" నేల టికెట్టు వాళ్లంతా లేచి నిలబడి ఈలలు వేశారు. ఇందాక "సారు రా" అన్నవాడే అడిగాడు.

"సార్, ఇస్కూలుకు ఎప్పుడొస్తావు సార్?"

"సోమారం వస్తా. పంతొమ్మిదో ఎక్కం రానోని మెడ కొరుకుతా."

రెండో సగంలో ఎంతమంది లేచారో నాకు తెలీదు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. అందరూ తెర చూసి కేకలు పెడుతున్నారు కాబట్టి నన్నెవరూ పట్టించుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నాయన జట్కాను వీధి మొదట్లోనే ఆపమన్నాడు. అక్కడి నుంచి నడిచాడు. వెనక పిల్లలు, కాళ్లు ఈడ్చుకుంటూ, మూలుగుతూ, పీనుగుల ఊరేగింపు. "తప్పు! సుట్టు తిప్పి ఏయండ్రా," అని దిద్దుతున్నాడు. అరుగుల మీది ఆడవాళ్లు నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు.

సందు మొదట్లో అమ్మ బిందెతో నిలబడి ఉంది. వీధి పొడుగునా ఆయన నడిచి రావడం అంతా చూస్తూనే ఉంది. నాయన అలవాటు ప్రకారం ఆమె ముందుకు పోయి తల వంచాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆ బిందెకు మినహాయింపు లేదు.

అమ్మ బిందె కింద పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"లేచినోళ్లకు మైల లేదని మీరే అంటిరి గదా," అంది. "రాండి లోపలికి."

ఆయన చెయ్యి పట్టుకొని గడప దాటించింది. తర్వాత వెనక్కి వచ్చి, ఆ బిందె ఎత్తి నా నెత్తిన కుమ్మరించింది.