కోరుట్లలో గోల్ఫు పాఠాలు

మొన్న మా మేనకోడలు జగిత్యాల నుంచి ట్రాలీ ఆటోలో ఒక పాత కంప్యూటర్ పంపించింది. తెర, డబ్బా, కీబోర్డు అన్నీ కలిపి ఒక దుప్పటిలో మూటగట్టింది. ఫోన్ చేసి, "మామా, గా కంప్యూటర్ నీ తాన్నే ఉండనీ. మా ఇంట్ల ఎవ్వలకు రాదు గా ఆట" అంది. వైర్లు తగిలించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి తెర మీద పచ్చటి గోల్ఫు మైదానం వెలిగింది, ఒక ఆట ఆడాను. చెప్పుకోకూడదు గానీ పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. తెరలోని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంట్లో మాత్రం ఫ్యాను కిర్రుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు. ఎవరికి చెప్పుకోవాలి? సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టి, మగ్గాలు నడిపి, చివరికి వాటిని అమ్ముకుని కూర్చున్న ముసలాణ్ణి. చాయ హోటల్లో కూర్చుని "ఇవాళ గోల్ఫు ఇరగదీశాను" అంటే, "పాపం, ఒక్కడే ఉండుడుకు పెద్దమనిషికి పైత్యం చేసింది" అంటారు. అందులో అబద్ధం కూడా ఏమంత లేదు.

నాకు ఈ ఆట నేర్పింది మా బావ. మా అక్క మొగుడు, కోరుట్ల మనిషి. వాళ్ళదీ మగ్గాల ఇల్లే. మగ్గం కడుపు నింపడం మానేశాక ఆ చుట్టుపక్కల అందరిలాగే బావ కూడా దుబాయి పోయాడు. అక్కడ ఆయన పని గోల్ఫు మైదానంలో గడ్డి కత్తిరించడం, నీళ్ళు పట్టడం. వయసంతా ఆ గడ్డి మీదే గడిచింది, కర్ర మాత్రం ఒక్కసారీ పట్టలేదు. ఇక్కడ అక్క ఒక్కతే బిడ్డను పెంచి, చదివించి, జగిత్యాలలో పెళ్ళి చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే అదో పెద్ద కథ, వినడానికి అంత రుచిగా కూడా ఉండదు. నాకు ఇల్లన్నా వాకిలన్నా మా అక్కే. మామిడికాయ తొక్కు పెట్టిందంటే కోరుట్లకు పరుగు, రాఖీ అంటే పరుగు, ఒంట్లో నలతగా ఉందంటే పరుగు. అట్లాంటి అక్క నాలుగు రోజుల జ్వరానికి పోయింది. బావకు సెలవు దొరికి, విమానం ఎక్కి, ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. వచ్చినాయన మళ్ళీ దుబాయి పోలేదు.

మరి అక్క లేని ఇంటికి తమ్ముడు ఏమని పోతాడు? "అక్క ఉన్నన్ని రోజులే బావ" అనేది మా మేనత్త. కఠినమైన మాటే గానీ లోకం నడిచేది అట్లాగే. మాసికాలున్నన్ని నెలలూ పోయి వచ్చాను. సంవత్సరీకం కూడా అయిపోయాక ఇక సాకు లేదు. ఇక్కడ నేనొక్కణ్ణి, అక్కడ ఆయనొక్కడు. "ఒక్కణ్ణే ఉండలేకపోతున్నా" అనే చిన్న మాట ఇద్దరికీ నోట్లోంచి రాదు. మగవాళ్ళం కదా, మా రోషానికేం తక్కువ! ఫోన్ చేస్తే "వానలు పడ్డయా" అని ఆయన, "పడ్డయ్" అని నేను, అంతే, పెట్టేసేవాళ్ళం.

ఇంతలో మేనకోడలు తండ్రికి పొద్దు పోతుందని జగిత్యాలలో వాడిన కంప్యూటర్ ఒకటి కొనిచ్చింది. దానిలో ఎవరో ఎక్కించిన గోల్ఫు ఆట అట్లాగే ఉండిపోయింది. తెర మీద ఆ గడ్డి చూసి బావకు ప్రాణం లేచి వచ్చిందేమో, ఆ సాయంత్రమే ఫోన్. "బామ్మర్దీ, ఆదివారం రా. గోల్ఫు నేర్పుత."

"నాకెందుకు బావా గోల్ఫు?"

"ఎందుకో నాకెర్కలే. నువ్వైతే రా."

ఆదివారం పొద్దున్నే వేములవాడ, రుద్రంగి మీదుగా పోయే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి పనుంది కదా మరి!

ఆట చూడ్డానికి సులువే. ఒకసారి నొక్కితే ఒక గీత పైకి లేస్తుంది, రెండోసారి నొక్కితే దెబ్బ బలం ఎంతో ఖాయమవుతుంది, గీత తిరిగి కిందికి వచ్చి గుర్తు దగ్గర చేరగానే మూడోసారి నొక్కాలి. తొందరపడితే బంతి ఒక పక్కకు, ఆలస్యమైతే ఇంకో పక్కకు. బావ ఆదివారానికి ఒక్కటే పాఠం చెప్పేవాడు. "బంతిని సూడకు, గీతను సూడు" అన్నది మొదటిది. ఇసుకలో పడితే ఆశపడకుండా ముందు బయట పడమన్నాడు. ఆశకు పోతే గోచి ఊడుతుంది కదా! గుంత దగ్గరికి వచ్చాక వాలు ఎటుందో అవతలి వైపు నుంచి కూడా చూడమన్నాడు. గాలి ఎదురుంటే నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నాడు. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని నేను భక్తిగా ఊపిరి బిగబట్టేవాణ్ణి. నా దెబ్బకు తెర మీద గడ్డి పెళ్ళ లేస్తే మాత్రం ఆయన విలవిల్లాడిపోయేవాడు. "అరె, పచ్చటి గడ్డి లేపినవ్ గదరా! పొద్దుగాల గది ఎవలు సక్కజేయాలె?" ఒక పాఠం కాగానే కంప్యూటర్ బంద్. "ఇయ్యాల్టికి సాలు. ఇంకొకటి మిగిలింది, గది వచ్చే ఐతారం" అనేవాడు. ఆ తర్వాత అన్నం. దుబాయిలో కూలీల క్యాంపులో గదినిండా మనుషులకు వండిన చెయ్యి, ఇద్దరికి వండడం ఆయనకు ఎన్నటికీ చేతకాలేదు. మిగిలిన కూర డబ్బాలో పెట్టి నా సంచిలో వేసేవాడు.

అసలు సంగతేమిటంటే, నాకు ఆట రెండో వారానికే పట్టుబడింది. మగ్గం చప్పుడులో బతికినవాణ్ణి, టకా టకా అనే ఆ లెక్క నా నెత్తురులో ఉంది. కళ్ళు మూసుకున్నా మూడో నొక్కు సరిగ్గా గుర్తు మీదే పడేది. అది తెలిసినప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. ఆట వచ్చేసిందంటే పాఠాలు అయిపోయినట్టే. పాఠాలు అయిపోతే కోరుట్లకు బస్సెక్కే పని ఉండదు. అందుకని కావాలని తప్పు కొట్టడం మొదలుపెట్టాను. నమ్మేటట్టు తప్పు కొట్టడం ఎంత కష్టమో మీకు తెలియదు! ఓసారి చెరువులో వేద్దామని కొట్టిన బంతి గట్టు రాయికి తగిలి, ఎగిరి, నేరుగా గుంతలో పడి చచ్చింది. బావ చప్పట్లు కొట్టాడు. కొట్టి, కంప్యూటర్ బంద్ చేశాడు. ఆ రోజు "ఇంకొకటి మిగిలింది" అనలేదు. వారమంతా నాకు తిండి సయించలేదు. శనివారం ఫోన్ మోగింది. "బామ్మర్దీ, ఒకటి మర్సిపోయిన, చానా ముఖ్యమైంది" అన్నాడు బావ. నేను హమ్మయ్య అనుకుని ఏడ్చినంత పని చేశాను.

అట్లా ఏళ్ళు నడిచాయి. ఈ ఎండాకాలం బావకు గుండెలో నొప్పి వస్తే మేనకోడలు జగిత్యాల దవాఖానలో చేర్పించింది. చూడ్డానికి పోతే ఆయన మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. నాకూ సగం పెట్టి, బిడ్డ మందులకు కిందికి పోగానే మెల్లగా అన్నాడు. "ఆట నీకు రెండో వారానికే అచ్చింది గదరా?"

నేను చేతిలోని బత్తాయి తొనల మీది పీచు తీస్తూ కూర్చున్నాను.

"సక్కగ కొట్టేటప్పుడు నీ కాలు కింద తాళమేస్తది. నీళ్ళల్ల ఏసేటప్పుడు ఆగుతది. నాకు కండ్లు లేవా?"

"మరి ఎందుకు చెప్పలే బావా?"

"చెప్తె నువ్వు రాకపోదువు." బత్తాయి గింజ చేతిలోకి ఊసి, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "నా దగ్గరున్న పాఠాలు గూడ మొదటి నెలకే ఒడిశినయ్‌రా. మిగిలినయన్నీ నేను పుట్టిచ్చినయే. ఊపిరి బిగవట్టుడు గిట్ల ఎక్కడన్న ఉంటదా?"

ఇద్దరం నవ్వాం. నవ్వీ నవ్వీ నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వుకు వచ్చినవి మాత్రమే కావు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నేండ్లల్ల మీ అక్క ముచ్చట ఒక్కనాడు మాట్లాడుకోలే మనం. ఇంటికి పోయినంక ఆట లేదు, పాట లేదు. ఉత్తగనే రా. కూసుందాం."

"వస్త బావా" అన్నాను.

తిరుగు బస్సులో దారి పొడుగునా అక్క ముచ్చట్లే ఏరి పెట్టుకున్నాను. చిన్నప్పుడు నా పలక పగలగొట్టి ఆ నేరం మేక మీద వేసింది, బావకు సెలవు దొరకని బిడ్డ పెళ్ళి పందిట్లో నన్ను చూసి ముక్కు చీదుతూ ఏడ్చింది, బావ దుబాయి నుంచి పంపిన అత్తరు ఎవరినీ ముట్టుకోనియ్యలేదు. ఇవన్నీ బావకు తెలియనివి, ఆయన మా ఇంటి అల్లుడు కాని రోజులవి, ఊళ్ళో లేని రోజులవి. ముందు ఏది చెప్పాలో కూడా అనుకున్నాను. ఆదివారం రాకముందే మేనకోడలు ఫోన్ చేసింది. బావ దవాఖాన నుంచి ఇక ఇంటికి రాలేదు.

ఆట నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు చాలాయి. ఏ సాకూ లేకుండా ఒక మనిషి దగ్గరికి పోయి కూర్చోవచ్చని తెలియడానికి ఏళ్ళు పట్టాయి. ఇప్పుడు నాకు ఉత్తగనే కూర్చోవడానికి ఆదివారాలు కావలసినన్ని ఉన్నాయి, అక్క ముచ్చట చెబితే వినే మనిషే లేడు.