నాన్నగారి ప్రార్థన, గీజరు ఎర్ర లైటు

నీటికి ఒడ్డును, వేడికి మేరను, మాటకు ఊపిరిని ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. మేము అడిగినవాటిలో కంటే, అడగాలని కూడా తెలియక ఊరుకున్నవాటిలోనే ఆయన మమ్మల్ని ఎక్కువగా కాపాడాడు. ఆ మాట చెప్పుకున్నాకే మిగతాది.

ఎనభైల మొదట్లో మేము రాజమండ్రిలో ఒక మేడ కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారు, అమ్మ, నేను. నాన్నగారు కాలువ లాకుల దగ్గర, నీటి తలుపులు ఎత్తి దించే పని చేసి రిటైరయ్యారు. సంఘంలో పెద్ద. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఇంటివారు మేడ మీద ఉండేవారు. వారికి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉండటం వల్ల మా స్నానాల గదికి కూడా గీజరు వచ్చింది. మా వీధిలో చాలామంది ఇంకా పొట్టు పొయ్యి మీదో, రాగి బాయిలర్లోనో నీళ్ళు కాచుకునే రోజులవి.

రిటైరైన కొన్నాళ్ళకే నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు కాస్త కదిలేవి గాని వాటికి స్పర్శ లేదు. రోజూ పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు పోసి మర్దనా చెయ్యమన్నాడు డాక్టరు. చన్నీళ్ళు పనికిరావన్నాడు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఒళ్ళు కాలినా ఆయనకు తెలియదు, మీరే చూసుకోవాలన్నాడు. ఈ రెంటికీ మధ్య నీళ్ళను ఉంచడం మా ఇంట్లో పెద్ద పనయింది.

దానికి అమ్మ పద్ధతి ఒకటుండేది. లేవగానే గీజరు స్విచ్చి వేసి, వచ్చి ముందు గదిలో చాప మీద కూర్చునేది. కుటుంబ ప్రార్థన మొదలయ్యేది. ఒక కీర్తన, వాక్యం, ఆ తర్వాత ప్రార్థన. ఆమెన్ అనగానే వెళ్ళి స్విచ్చి తీసేసేది. నీళ్ళు కాగాక అదే ఆగిపోతుందని ఇంటివారు చెప్పినా ఆవిడ నమ్మలేదు. గీజరు ఎర్ర లైటు తనంతట తాను ఆరడం మేమెవరం చూడలేదు. ఆ సమయంలో కళ్ళు మూసుకుని ఉండేవాళ్ళం. ప్రార్థనలో కళ్ళు తెరిచిన పిల్లల్ని నాన్నగారు సండే స్కూల్లో నిలబెట్టేవారు.

జబ్బు చేసిన కొత్తలో నాన్నగారికి మాట పడిపోయింది. ప్రార్థన నేను చేసేదాన్ని. బడికి వెళ్ళాలి కాబట్టి త్వరగా ముగించేదాన్ని. వానలు వెనకబట్టాక ఆయనకు మెల్లగా మాట తిరిగొచ్చింది. ఒకనాడు ఎడం చెయ్యి ఎత్తి నన్ను ఆపి, తనే మొదలుపెట్టారు. మాటకీ మాటకీ మధ్య చాలా ఎడం. అయినా పాత ప్రార్థనలో ఒక్కరినీ వదల్లేదు. ఉప్పాడలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళు, నరసాపురంలో లేసు అల్లే అక్కచెల్లెళ్ళు, వారానికోసారి యానాం వెళ్ళి తాగి వచ్చే మా సంఘం మేస్త్రి, అందరూ ఉన్నారు.

గీజరు పేచీ పెట్టడం ఆ తర్వాతే మొదలైంది. ఒకరోజు నీళ్ళు సలసల మరిగేవి. అమ్మ సంతోషించి చన్నీళ్ళు ఎక్కువ కలిపేది. మర్నాడు స్విచ్చి వేస్తే లైటే వెలిగేది కాదు. ఇంటివారు కొట్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ని పంపారు. అతను గీజరు అడుగు మూత విప్పి, లోపల చిన్న బొత్తాం నొక్కాడు. టక్కుమంది. లైటు వెలిగింది.

"ఇందులో రెండు స్విచ్చులుంటాయండి టీచరుగారూ. ఒకటి నీళ్ళు కాగితే ఆపుతుంది, చల్లారితే మళ్ళీ అదే వేస్తుంది. రెండోది కటౌటండి. మరీ వేడెక్కిపోతే కరెంటు మొత్తం కోసేస్తుంది. ఇక మనం నొక్కితేగాని రాదండి."

"మరి ఇప్పుడెందుకు కోసేసింది?"

"ఊరికేనండి. దాని బుద్ధే అంతండి."

ఆ తర్వాత ఇంకా రెండు మూడుసార్లు వచ్చి నొక్కి వెళ్ళాడు. చివరికి అతనికీ విసుగొచ్చింది.

"కటౌటు పాడైపోయిందండి. రేపు సాయంత్రం వచ్చి రెండు వైర్లూ కలిపేసి డైరెక్టు చేసేస్తాను. ఇక ఆగమన్నా ఆగదండి."

"అలా చేసి పుణ్యం కట్టుకో నాయనా," అంది అమ్మ.

అతను వెళ్ళాక, నాన్నగారి కుడి పాదానికి నూనె రాస్తూ అమ్మ మడమ దగ్గర ఒక బొబ్బ చూసింది. చెప్పు కరిచిందనుకుంది. ఆయన చెప్పులు వేసుకుని చాలా రోజులైందని నేనంటే, చేతిలో నూనె గిన్నె కింద పెట్టేసింది. కుళాయి చిమ్మినప్పుడు మరిగే నీళ్ళు పడి ఉంటాయి. ఆయనకు తెలియలేదు.

అంతలో ఇంటావిడ కరివేపాకు కోసం కిందికి దిగింది.

"ఏం వదినగారూ, అన్నయ్యగారి ప్రార్థన ఈమధ్య బాగా సాగుతోందే! ఇదివరకు మీ ఆమెన్ వినపడేసరికి నాకు రెండు వాయిలు ఇడ్లీ దిగేది. ఇప్పుడు పిండిగిన్నె ఖాళీ అవుతోంది గాని ఆమెన్ రావట్లేదండి బాబూ!"

"మీ ఇడ్లీల కోసం ఆయన తొందరపడాలేంటండీ?" అని అమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా గీజరు కూడా ఆమెన్ వచ్చేదాకా కాగుతూనే ఉంటోందని అప్పుడు తోచింది.

మర్నాడు నేను చాప మీద కూర్చోకుండా స్నానాల గది గుమ్మంలో నిలబడ్డాను. ముందు గదిలో నాన్నగారి గొంతు వినిపిస్తోంది. నా కళ్ళు లైటు మీద ఉన్నాయి. నేను ప్రార్థన చేసిన రోజుల్లో స్విచ్చి తీసే వేళ దాటింది. లైటు ఆరలేదు. నాన్నగారు ఉప్పాడ దాటి నరసాపురం చేరారు. గీజరు లోపల గుడగుడమంది. కుళాయి చివర ఆవిరి కనిపించింది. ఆయన మేస్త్రి పేరు ఎత్తుతుండగా టక్కుమని లైటు ఆరింది. ఆమెన్ ఇంకా చాలా దూరం.

కటౌటు పాడవలేదు. నీళ్ళు కాగినప్పుడు ఆపవలసిన మొదటి స్విచ్చే అతుక్కుపోయింది. అది ఎన్నాళ్ళుగా అలా ఉందో మాకు తెలియదు. దాని పని నా చిన్న ప్రార్థన చేస్తూ వచ్చింది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ మొదటి స్విచ్చి ఊడదీసి చూసి, "ఆయ్, దొంగ ఇదేనండి. నేనేమో పాపం పోలీసుని పట్టుకున్నాను," అన్నాడు. కొత్తది విజయవాడ నుంచి రావాలన్నాడు. అందాకా పాతదే బిగించి, సమయానికి స్విచ్చి తీసేయమన్నాడు.

ఇదంతా మంచం మీంచి నాన్నగారు విన్నారు. మర్నాడు ఆయన ప్రార్థన నాలుగు మాటల్లో ముగిసింది. ఉప్పాడ లేదు, నరసాపురం లేదు. నీళ్ళు సరిగ్గా కాగాయి. అమ్మ స్నానం చేయించి, తుడిచి, చొక్కా తొడిగి, అప్పుడు అడిగింది.

"అదేంటండీ, ప్రార్థనా, టెలిగ్రామా?"

"నీళ్ళు..." అన్నారు ఆయన.

"నీళ్ళకోసం మాట మానేస్తారా? డాక్టరు ఎంత మాట్లాడితే అంత మంచిదన్నాడు."

"అయితే... నువ్వు... లేచి ఆపు."

అమ్మ బెదిరిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ప్రార్థన మధ్యలో లేచింది లేదు. "దేవుడి ముందునుంచి స్విచ్చి కోసం లేవనా?" అంది.

నాన్నగారు చాలాసేపు మాటలు కూడదీసుకున్నారు. "లాకు దగ్గర... నేను... కళ్ళు తెరిచే... ప్రార్థన చేసేవాణ్ణి. నీళ్ళు... చూస్తూ."

"హవ్వ! ఇన్నేళ్ళూ మాకు చెప్పలేదేంటండీ? ఆ పిల్లల్నందర్నీ నిలబెట్టారు గదా!"

"వాళ్ళకి... డ్యూటీ లేదు," అన్నారు నాన్నగారు. జబ్బు చేశాక ఆయన వేసిన మొదటి జోకు అదే.

మర్నాడు ప్రార్థన మళ్ళీ పాత దారిలో సాగింది. కొంతసేపటికి అమ్మ చాప మీంచి లేచిన చప్పుడయింది. టక్కుమని స్విచ్చి ఆపింది. నాన్నగారు ఆగారు. ముగించేస్తారేమో అనుకున్నాను. అమ్మ వచ్చి కూర్చునేదాకా ఆగి, మేడ మీది ఇంటివారినీ, వారి పొయ్యినీ, వారి పిల్లల్నీ దేవుని చేతికి అప్పగించడం మొదలుపెట్టారు.

తర్వాత కొత్త స్విచ్చి వచ్చింది. లైటు తనంతట తాను ఆరడం అందరం చూశాం. అమ్మ మాత్రం లేవడం మానలేదు.

ఇది చదివే మీ ఇంట్లో కూడా ఒంటికి వేడి తెలియనివారు, మాట కూడదీసుకుంటున్నవారు ఉండవచ్చు. ఈ పూట వారిని తలుచుకుని నాతోపాటు ప్రార్థించండి. తండ్రీ, వారి ఒంటికి తెలియనిది పక్కనున్న మాకు తెలియనివ్వు, వారి మాట పూర్తయ్యేదాకా మమ్మల్ని కూర్చోనివ్వు. పొయ్యి మీద ఏదైనా ఉంటే కళ్ళు తెరిచే ప్రార్థించండి. ఆమెన్.