వదిన పంచిన మాత్రలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎమ్మిగనూరులో మా అన్న మగ్గం నేసేవాడు. అమ్మ పోయాక నేను అన్న ఇంట్లోనే పెరిగాను. నన్ను పెంచింది వదినే.

ఒక చలికాలం వదినకు నెమ్ము చేసింది. ఊపిరి తీస్తే పక్కలో పొడిచినట్టయ్యేది. అన్న ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయి సల్ఫా మాత్రలు ఇప్పించాడు. అటువంటి మందు మా వీధిలో అదే మొదలు. రెండు మూడు పూటలకే జ్వరం దిగింది. వదిన లేచి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది.

"అన్నీ మింగమనినాడు గదా డాక్టరు?" అన్నాడు అన్న.

"జరం పోయినాక ఇంగెందుకు? ఇంత మంచి మందు, ఇంగొకరికి పనికొస్తాది," అంది వదిన.

అప్పటి నుంచి వీధిలో ఎవరికి దగ్గొచ్చినా ఒకటో అరో ఇచ్చేది. పసిపిల్లలకైతే సగం విరిచి తేనెలో రంగరించేది. అయిపోతే ఆదోనికి పోయేవాళ్లతో మళ్లీ తెప్పించేది. పక్కింటి దూదేకుల అవ్వ "నీ చెయ్యి సల్లనిది తల్లీ" అన్నప్పుడు వదిన ముఖం వెలిగిపోయేది. కొందరికి తగ్గి, మళ్లీ తిరగబెట్టేది. మళ్లీ ఒక మాత్ర. దగ్గు మాత్రం ఒక ఇల్లు విడిచి ఇంకో ఇంటికి తిరుగుతూనే ఉండేది.

వదిన కొడుక్కు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. నన్ను "అత్తా" అనబోయి "తాత్తా" అనేవాడు. వాడికి జ్వరమొచ్చి, ఊపిరాడక డొక్కలు ఎగరేశాడు. వదిన మాత్ర వేసింది. తగ్గలేదు. ఇంకొకటి వేసింది.

"నాకు తగ్గినాది గదా, వీనికి యాల తగ్గదు?" అంటూ రొమ్ముకు హత్తుకుని ఎదురుచూసింది.

పెదవులు నల్లబడ్డాక బస్సు కోసం పరుగెత్తాం. ఉరుకుంద గుడి తిరునాళ్ల రోజులు, బస్సులో కాలు పెట్టే సందు లేదు. దర్శనానికి పోయే ముసలాయన ఒకాయన లేచి వదినకు చోటిచ్చాడు.

ఆదోనిలో డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడు. పొద్దు వాలకముందే పిల్లవాడు వదిన ఒళ్లోనే పోయాడు.

అంతకుముందు ఏం మందు వేశారని డాక్టరు అడిగితే వదిన దాచకుండా చెప్పింది.

"కొంచెం కొంచెం మింగితే రోగపు పురుగు చావదమ్మా. మందుకు అలవాటుపడి, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. మీ బాబుకు వచ్చింది అదేనని నేను ఖాయంగా చెప్పలేను," అన్నాడాయన. ఆ చివరి మాట వదిన చెవికెక్కలేదు.

దినాలు తీరకముందే ఇల్లిల్లూ తిరిగింది. "నేనిచ్చినవి మిగిలుంటే ఇచ్చేయండి" అని చెయ్యి చాపింది. ఇచ్చినది వెనక్కడుగుతాందని కొందరు గొణిగారు. బిడ్డ పోయి మతి చెడిందన్నారు ఇంకొందరు. దూదేకుల అవ్వ మాత్రం కొంగు ముడి విప్పి, సగం మాత్ర ఆమె చేతిలో పెట్టి ఏడ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ అవ్వ మనవరాలికీ డొక్కలెగిరాయి. వదిన పిల్లను భుజాన వేసుకుని, అవ్వను వెంటబెట్టుకుని ఆదోని పోయింది. సూదులన్నీ పూర్తయ్యేదాకా ఆసుపత్రి వరండా వదల్లేదు. పిల్ల బతికింది.

తిరిగొచ్చాక ఇంటి ముందు అవ్వ తన కాళ్లు పట్టుకోబోతే వదిన వెనక్కి జరిగింది.

"నాకు మొక్కొద్దు అవ్వా. నా కొడుకును నేను యాడనుంచి తెచ్చుకుందు?"

లోపలికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది. అన్న మగ్గం ఆపి వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను రెండో పక్కన కూర్చున్నాను.