తాపీని కొలిచిన దారం

సూరత్ అమ్రోలిలో, తాపీ నదివైపు వరస గదుల దగ్గరికెళ్లి సోమలింగం ఇల్లెక్కడని అడిగితే, "దారం సోమలింగమేనా?" అని ఎదురు ప్రశ్న వేసి మరీ చెయ్యెత్తి చూపిస్తారు. చూపించి ఊరుకోరు, ఆ దారం కథ కూడా మొదలుపెడతారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం కల్పన. నిజానికి ఆ బక్కపలచటి పొడుగు మనిషి విషయంలో జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

సోమలింగం సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి 1986లో సూరత్ వచ్చాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. వచ్చిన మర్నాటి నుంచే సాంచాల మీద పని. మరమగ్గాన్ని మనవాళ్లు సాంచ అంటారు. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలు తిరగాలి, తెగిన పోగు ఎక్కడుందో కంటితో కాకుండా చెవితో పట్టాలి. ఆ రొదలో ఇరవై ఏళ్లకు పైగా నిలబడినవాడు మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది. అందుకని కోపిష్టి అని పేరు పడింది. కోపిష్టే, కాదని ఎవరంటారు? కానీ ఆ కోపమంతా కొలత తప్పేవాళ్ల మీదే. కూరగాయల బండివాడి త్రాసు దగ్గర నుంచి పందిరి వేసేవాడి గడకర్ర దాకా అతని కళ్లు పడని కొలత లేదు. అతను వస్తున్నాడంటే మార్కెట్లో తూకపు రాళ్లు సర్దుకునేవాళ్లు.

1994 సెప్టెంబరులో తాపీ పొంగి మొదటిసారి అతని గదిలోకి వచ్చింది. నీళ్లు తీశాక గోడ మీద బురద గీత మిగిలింది. పెళ్లాం వెంకటవ్వ చీపురు పట్టుకుని బురద తోస్తుంటే, ఈ మహానుభావుడు గోడ ముందు నిలబడి ఆ గీత చూస్తున్నాడు. దీపావళికి సున్నం వేస్తే గీత పోతుంది. అది అతనికి నచ్చలేదు. నాలుగు పాలిస్టర్ పోగులు కలిపి పేని, ఒక కొస నేలకు ఆనించి, గీత దగ్గర ముడి వేశాడు. నూలు దారమైతే తడికి కుంచించుకుపోతుంది, పాలిస్టర్ అయితే మాట మీద నిలబడుతుందని అతని నమ్మకం. నీళ్లు ఎన్ని రోజులున్నాయో అన్ని రంగు పోగులు ఆ ముడికి కట్టి, దారాన్ని బిస్కెట్ డబ్బాలో పెట్టాడు.

1998లో మళ్లీ వరద. మొదటి ముడికి పైన, మూడు అడుగుల దగ్గర రెండో ముడి పడింది. 2006 ఆగస్టులో వచ్చింది మాత్రం వరద కాదు, నదే ఇల్లు మారినట్టయింది. మూడు రోజులు పక్క మేడ మీద ఉన్నారు. దిగి వచ్చి చూస్తే గీత సోమలింగం తల దాటి ఉంది. స్టూలెక్కి ఏడు అడుగుల దగ్గర మూడో ముడి వేశాడు.

"నాకు మూడు ముళ్లేసిండు, తాపీకి మూడు ముళ్లేసిండు. నాకంటే దాని ముళ్లనే పైలంగ దాసిండు," అని వెంకటవ్వ వాడంతా చెప్పి నవ్వించేది. నవ్వులో గర్వం కూడా ఉండేది, అది దాచుకోవడం ఆమెకు చేతకాదు.

నీళ్లు పోయాక ఆ వరసలో అందరూ చేసే పని ఒకటుంది. ఇటుక ముక్కలు, రాళ్లు నింపి నేల ఎత్తు పెంచుకోవడం. 1998 తర్వాత సోమలింగం కూడా పెంచాడు. 2006 తర్వాత మళ్లీ పెంచి, ఈసారి పైన నున్నటి కోటా రాతి పలకలు పరిపించాడు. ఆ రాయి అంటే వెంకటవ్వకు ప్రాణం. తట్టలతో ఇటుక ముక్కలు నెత్తిన మోసింది ఆమే. రోజుకు రెండుసార్లు తుడిచేది. ఎవరైనా చెప్పులతో గడప దాటితే ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే.

2008 జనవరిలో ఇందుజ వచ్చింది. మూడు కాళ్ల స్టాండు, దుర్భిణి లాంటి పరికరం, అంకెలు వేసిన పొడుగాటి కర్ర, చెప్పులు మాత్రం చేతిలో. గడప దగ్గరే వెంకటవ్వ మెచ్చేసుకుంది. ఆ పిల్ల తండ్రి సుబ్బరామయ్యది కాకినాడ, సూరత్ పక్కనే హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగి, ఇంజనీరింగ్ కాలేజీలో వరదల మీద పరిశోధన చేస్తోంది. వీధి వీధీ తిరిగి పాత నీటి గీతలు కొలుస్తోంది.

"నది ఎంత ఎత్తుకొస్తే ఏ గల్లీలోకి నీళ్లొస్తాయో మ్యాప్ వేస్తున్నాం కాకా. దాన్ని బట్టే రేపు ఏ గల్లీని ఎప్పుడు ఖాళీ చేయించాలో చెబుతారు," అంది ఇందుజ. "మీ ఎదుటి స్కూలు గోడ మీద రెండు వరదల గీతలున్నాయి. స్కూలు కట్టిందే తొంభై ఏడులో. అంతకు ముందుది ఎవరి దగ్గరా లేదు. చిన్న వరదలో నీళ్లు ముందుగా ఎక్కడికొచ్చాయో తెలిస్తేనే, ఎప్పుడు కదలమనాలో తెలిసేది."

సోమలింగం లేచి బిస్కెట్ డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇందుజ దారం విప్పి ఒక్కో ముడినీ వేలితో తడిమి చూసింది.

ఆ రోజు చాయ్ తాగుతూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పొగ, బొగ్గు, పెట్రోలు కలిసి భూమి చుట్టూ గాలిని వేడెక్కిస్తున్నాయని, వేడెక్కిన గాలి ఎక్కువ తేమ మోస్తుందని, మోసినంతా ఒక్కసారి కుమ్మరిస్తుందని ఆమె చెప్పింది. ఇటు సముద్రం కూడా ఏటా కొంచెం కొంచెం పెరుగుతోందని, పోటు సమయంలో అది నదిని వెనక్కి నెడుతుందని చెప్పింది.

"అంటే ఏడాది పొడుగునా నెయ్యాల్సిన పడుగు బీము నాలుగు దినాలల్ల నేసి పడేసినట్టు," అన్నాడు సోమలింగం.

"అంతే కాకా! కానీ ఒక్క వరద చూసి వాతావరణం మారిందని చెప్పేయలేం. చాలా ఏళ్ల లెక్క కావాలి. అందుకే మీ దారం బంగారం."

ఆ మాటకు సోమలింగం ఒక అంగుళం పెరిగాడు. ఎక్కడి నుంచి కొలిచారని ఆమె అడిగితే, "నేల మీంచే బిడ్డా, ఇంకెక్కడి నుంచి?" అన్నాడు. ఇందుజ కోటా రాయి మీద కర్ర నిలబెట్టి నేల ఎత్తు రాసుకుంది. దానికి ముళ్ల ఎత్తులు కలుపుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత ఆమెతో వాళ్ల కాలేజీ ప్రొఫెసరు గారు కూడా వచ్చారు. ఇందుజ ముఖం వాడిపోయి ఉంది. స్కూలు గోడ గీతలతో పోలిస్తే దారం లెక్క కలవడం లేదు. 2006 ముడి గోడ గీత కంటే తొమ్మిది అంగుళాలు ఎక్కువ. 1998 ముడి ఏకంగా అడుగు తొమ్మిది అంగుళాలు ఎక్కువ. ఒకే తేడా అయితే సరిచేసుకోవచ్చు, రెండు రకాల తేడాలుంటే ఆ లెక్కను ఎవరు నమ్ముతారు? ఇక 1994 ముడిని పట్టించుకునే మాటే లేదు.

ప్రొఫెసరు గారు హిందీలో, మెత్తగానే చెప్పారు. భయంలో నీళ్లు ఎత్తుగా కనిపిస్తాయట. పైగా పరిహారం మీద ఆశతో జనం ఎంతో కొంత కలిపి చెప్పడం మామూలేనట. "మీ తప్పేం లేదు, దీన్ని పక్కన పెట్టేద్దాం," అని లేచారు.

సోమలింగానికి తల కొట్టేసినట్టయింది. జన్మంతా కొలత తప్పినవాళ్లతో తగువు పడ్డవాణ్ణి పట్టుకుని, కలిపి చెప్పావన్నారు. అరుస్తాడనుకుని వాకిట్లో జనం పోగయ్యారు. అతను అరవలేదు. దారం చుట్టి డబ్బాలో పెట్టి మూత పెట్టాడు. అది చూసి వెంకటవ్వకే భయం వేసింది.

మర్నాడు పనిలో కూడా అదే ఆలోచన. ముడి తప్పు కాదు, తన కళ్లతో చూసి వేసింది. మరి గోడ తప్పా? మధ్యాహ్నం కార్ఖానాలో చిన్న గొడవైంది. గుడ్డ ఎక్కడ కొయ్యాలో పడుగు మీద ముందే రంగు గుర్తు పెడతారు. పక్క సాంచ మీద పనివాడు ఒక గుర్తు దాటేసి జానెడు అవతల కోశాడు. ఇప్పుడు ముందు ముక్క పొడుగు, వెనక ముక్క పొట్టి. పనివాళ్ల మీది ముకాదం తిడుతుంటే వాడు, "గుడ్డ అంతే ఉంది సేఠ్, కోత పక్కకు జరిగింది అంతే!" అని మొత్తుకుంటున్నాడు.

సోమలింగం చేతిలోని కండె జారి కింద పడింది. గుడ్డ అంతే ఉంది. కోత జరిగింది. తన ఇంట్లో నేల రెండుసార్లు పైకి జరిగింది! పాత ముళ్లు పాత నేల మీంచి వేశాడు, మూడో ముడి ఒకసారి ఎత్తిన నేల మీంచి వేశాడు, ఆ పిల్లేమో రెండుసార్లు ఎత్తిన కోటా రాయి మీద కర్ర పెట్టింది. లోకంలో అందరి కొలతలూ పట్టినవాడు తన కాళ్ల కింది నేలను లెక్క వేసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది.

షిఫ్టు దిగి గునపంతో ఇంట్లోకి వచ్చాడు. వెంకటవ్వ సంగతి విని గది మధ్యలో బాసింపట్టు వేసుకు కూర్చుంది.

"ఏంది, నా రాయి పలగ్గొడతవా? ముందు నా నెత్తి పలగ్గొట్టు!"

"ఒక్క పలకే. జర జరుగు."

"నోటితోని చెప్తే సాలదా? నేల పెంచినమని చెప్పు!"

"చెప్తే మళ్ల కలిపి చెప్తున్నడంటరు. పాత నేల కండ్లకు కనవడాలె. నన్ను అబద్ధాలోడన్నరే వెంకటవ్వా." ఎప్పుడూ పోట్లాడినట్టు మాట్లాడే మనిషి ఆ మాట మెల్లగా అన్నాడు. పెళ్లయి పాతికేళ్లయినా ఆమె ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

వెంకటవ్వ కాసేపు కోటా రాతిని అరచేత్తో నిమిరింది. తర్వాత లేచి, పొయ్యి పక్క మూలలో ఒక పలకను కాలితో చూపించింది. "గీడ తవ్వు. గీ మూలకు పాత గచ్చు పగుల్లేదు. నింపింది నేను గాదా, నాకెరుకలేదా?"

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరూ కలిసి తవ్వారు. రాయి కింద ఇటుక ముక్కలు, వాటి కింద 1998 నాటి సిమెంటు గచ్చు, మళ్లీ ఇటుక ముక్కలు, అన్నిటికీ అడుగున వాళ్లు కాపురానికి వచ్చిన నాటి ఎర్ర గచ్చు. వెంకటవ్వ తడిగుడ్డతో తుడిస్తే అది కొత్తదానిలా మెరిసింది. ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి, పక్కకు తిరిగి తుడుచుకుంది.

కబురందుకుని ఇందుజ పరుగున వచ్చింది, వెనకే ప్రొఫెసరు గారు. పాత గచ్చు నుంచి మధ్య గచ్చుకు అడుగు. అక్కడి నుంచి కోటా రాతికి తొమ్మిది అంగుళాలు. ఇందుజ గుంతలో కర్ర నిలబెట్టి లెక్క మళ్లీ వేసింది. 1998 ముడి, 2006 ముడి, రెండూ స్కూలు గోడ గీతలతో అంగుళం తేడా లేకుండా కూర్చున్నాయి. 1994 ముడిని ఇప్పుడు ఎవరూ పక్కన పెట్టలేరు.

ఇందుజ కాగితం వంకే చూస్తూ, "కాకా, ఇంకోటి చూశారా?" అంది. "దారం మీద రెండో ముడికీ మూడో ముడికీ మధ్య నాలుగే అడుగులు. నిజానికి నది ఎక్కింది ఐదు అడుగులు."

సోమలింగం వాకిట్లో మూగిన వరసజనం వైపు తిరిగాడు. "విన్నరా? మనం నేల ఎత్తుకుంట పోయినం. నది ఎంత ఎక్కిందో మనకు మనమే దాసుకున్నం." ఈసారి నిజంగానే అరిచాడు.

ప్రొఫెసరు గారు బూట్లు బయటే విప్పి వచ్చి, గుంత పక్కన గొంతుక్కూర్చుని ఎర్ర గచ్చును చేత్తో తాకారు. "నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, భాయీ," అన్నారు హిందీలో. అందరిముందూ అన్నారు. సోమలింగం తన స్టూలు తెచ్చి ఆయన్ని కూర్చోమన్నాడు.

వేసవి రాకముందే మ్యాప్ తయారైంది. అందులో అమ్రోలి నదివైపు ఒక చుక్క, పక్కన ఇంగ్లీషులో సోమలింగం పేరు, మూడు సంవత్సరాలు. ఆ కాగితాన్ని వెంకటవ్వ అద్దం కట్టించి దేవుడి పటాల వరసలోనే పెట్టింది. గుంతను మాత్రం పూడ్చనివ్వలేదు. విప్పదీసిన పలకనే మూతగా పెట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ అది ఎత్తి పాత గచ్చు చూపించడం, ఈసారి నేల పెంచితే మీరూ ఒక పలక ఊడేలా ఉంచుకోండని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆమె వంతు. వరసలో ఆరిళ్లవాళ్లు విన్నారు.

ముందు ముందు ఇలాంటి వానలు తరచుగా రావచ్చని ఇందుజ ఏమీ దాచకుండా చెప్పింది. ఎంత తరచుగా అన్నది మనుషులు ఎంత పొగ తగ్గిస్తారన్న దాని మీద ఉంటుందట. దారాన్ని కాలేజీలో దాచుకుంటానని అడిగితే సోమలింగం సంతోషంగా ఇచ్చేశాడు. దానికి ముందే, ఒక ఆదివారం పొద్దున, కొత్త దారం పేనాడు. వెంకటవ్వ గుంతలోకి చెయ్యి పెట్టి ఒక కొసను ఎర్ర గచ్చుకు బొటనవేలితో అదిమి పట్టుకుంది. అతను స్టూలెక్కి మూడు ముళ్లూ సరిగ్గా వేశాడు. వేశాక కూడా దారం కోయలేదు, కప్పు దాటి రెండు మూరలు ఎక్కువే ఉంచాడు.

"అంత పొడుగెందుకయ్యా?" అంది వెంకటవ్వ కింద నుంచి.

సోమలింగం మిగిలిన కొసను కప్పు కేసి ఎత్తి చూపాడు. ఆమె ఒక్క క్షణం పైకి చూసింది. అర్థమైంది. అయినా బొటనవేలు కదపలేదు.

"ఉండనియ్యి," అంది. "తాపీ ఎంత పైకొచ్చినా రానీ. కింద నేను పట్టుకున్న, మన కొలత తప్పది."